కూల్చివేత పనికి ఐఎస్‌ఓ: ఏది తీసుకోవాలి, ఏది వద్దు

ప్రశ్న: పాత ఇళ్లు కూల్చే కాంట్రాక్టు చేస్తున్నాం. పన్నెండు మంది పనివాళ్లు. చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లకే పని నేర్పిస్తాం. పాత తలుపులు, ఇటుకలు, రేకులు పేదలకు తక్కువ ధరకు ఇస్తాం. ‘సామాజిక బాధ్యతకు ఐఎస్‌ఓ 26000 సర్టిఫికెట్ ఇప్పిస్తా, టెండర్లలో పనికొస్తుంది’ అని ఒక కన్సల్టెంటు అంటున్నాడు. తీసుకోమంటారా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆయనకో దండం పెట్టి పంపించేయండి. ఐఎస్‌ఓ అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. అది 2010లో తెచ్చిన ఐఎస్‌ఓ 26000 కేవలం మార్గదర్శకం. సర్టిఫికెట్ కోసం కాదని అందులోనే రాసి ఉంది. మీకు ముందు కావాల్సింది పనివాళ్ల భద్రతకు సంబంధించిన 45001, ఆ తర్వాత పర్యావరణానికి 14001. టెండరులో నాణ్యతకు సంబంధించిన 9001 కూడా అడిగితే మూడింటికీ కలిపి ఆడిట్ చేయించుకోవచ్చు.

కుర్రాళ్లకు పని ఇవ్వడం మంచిదే, కానీ దెబ్బ ముందు తగిలేది కొత్తవాళ్లకే. ఏ పనిలో ఏ ప్రమాదం ఉందో మొదలుపెట్టకముందే పనివాళ్లతో కూర్చుని రాసుకోమంటుంది 45001. సజ్జ సంగతే చూడండి. కూల్చివేత పైనుంచి కిందికి అని ప్రతి మేస్త్రీకీ తెలుసు. అయితే సజ్జను పట్టి ఉంచేది దాని మీదున్న గోడ బరువే. ఆ గోడ తీయగానే సజ్జ ముందుకు తిరగబడుతుంది. అందుకని కింద సరుగుడు బాదులు ఆనించి, కింద ఎవరూ లేకుండా చూసి, ముందు సజ్జ కొట్టేసి, ఆ తర్వాతే గోడ ముట్టుకోవాలి.

రెండోది శ్లాబు మీద పోగు. ఇంటి శ్లాబుకు వాడకం బరువు చదరపు మీటరుకు 200 కిలోలని లెక్క వేస్తారు. ఇటుక ముక్కలు అడుగు ఎత్తు పోగైతే 350 కిలోలు దాటుతుంది. ఉప్పుగాలికి కడ్డీలు తుప్పుపట్టిన శ్లాబైతే 200 కిలోలకే నమ్మలేం. ‘సాయంత్రం దించుదాంలే’ అనుకుంటే ఆలోపే కూలుతుంది.

ఇవన్నీ తెలుగులో రాసుకున్నా చాలు. శిక్షణకు వచ్చినవాళ్ల సంతకాలు, కరెంటు తీసేసిన రుజువు, తృటిలో తప్పిన ప్రమాదాల నోటుపుస్తకం, ఏడాదికోసారి మీరే చేసుకునే తనిఖీ కాగితం ఉంచండి. ఆడిటరు ఫైలుతో సరిపెట్టుకోడు, సైటులో ఒక కుర్రాణ్ని పిలిచి ‘సజ్జ ఎప్పుడు కొడతావు?’ అని అడుగుతాడు. ఆడిట్ రెండు దశలు. రెండోదానికి పని నడుస్తున్న సైటు చూపించాలి కాబట్టి, చేతిలో పని ఉన్నప్పుడే తేదీ పెట్టుకోండి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా ఆడిటరు తనిఖీ. సర్టిఫికెట్‌లో పని పరిధి ‘భవనాల కూల్చివేత’ అనే ఉండాలి. ‘నిర్మాణం’ అని రాసిస్తే టెండరులో పక్కన పెడతారు.

ఒక్క మాట. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వాటిని పేదలకు ఇవ్వొద్దు. తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి విడిగా పంపాలి. 14001 కింద మీరు మొదట రాసుకోవాల్సింది ఇదే.

ప్రశ్న: సైటుకు రాకుండా రెండు రోజుల్లో 45001 ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. నిజమేనా? – మరో పాఠకుడు, కావలి

జవాబు: సైటు చూడకుండా ఇచ్చేది రంగుకాగితం. ఐఎస్‌ఓ సంస్థ నేరుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చే సంస్థకు ఎన్‌ఏబీసీబీ (సర్టిఫికెట్ సంస్థలను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) వంటి వాటి గుర్తింపు ఉందో లేదో చూడండి. పాత భద్రతా ప్రమాణం ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 ఇస్తామంటే ఫోన్ పెట్టేయండి, దాని స్థానంలో 45001 వచ్చింది 2018లోనే.