పాత లోహపు పనిముట్టును కోయకుండా, గీకకుండా అదెలా చేశారో ఎక్స్-రేతో తెలుస్తుందా?

తెలుస్తుంది, మీరనుకునే దానికంటే ఎక్కువే తెలుస్తుంది. నా పని వెల్డింగ్ అతుకులకు రేడియోగ్రఫీ తీయడం. ఒకసారి తవ్వకాల్లో దొరికిన తుప్పు ముద్ద ఒకటి మా దగ్గరికి తెచ్చారు, చూడ్డానికి మట్టిపెళ్లలా ఉంది. అప్పటికే ఒక పక్క ఉప్పుకాగితంతో రుద్దేశారు కూడా! ఇనుప వస్తువుకి అసలు అంచు చాలాసార్లు ఆ తుప్పులోనే దాగి ఉంటుంది, ముందు ఎక్స్-రే తీయించి తర్వాత కదా చెయ్యి వెయ్యాల్సింది.

స్క్రీన్ మీద బొమ్మ పడగానే లోపల ఉలి తెల్లగా తేలింది. దాని పొడవునా సన్నటి నల్లచారలు, అంటే ఇనుమును సాగగొట్టినప్పుడు దాంతోపాటే సాగిన చిట్టెం, ఖనిజం నుంచి ఇనుము తీసేటప్పుడు అందులో మిగిలిపోయే మడ్డి. మొన దగ్గర మాత్రం ఇంకో గీత ఏటవాలుగా ఆ చారలన్నిటికీ అడ్డం పడింది. ఇనుముకీ ఉక్కుకీ ఎక్స్-రేలో తేడా కనపడదు గానీ అతుకులో ఇరుక్కున్న చిట్టెం కనపడుతుంది. మొనకి వేరే ముక్క కాచి అతికారన్నమాట. ఆ ముక్క బహుశా ఉక్కే అయ్యుంటుంది, లేకపోతే అంత శ్రమపడి మొనకి అతకడం దేనికి?

ఈమధ్య చాలామంది కంచు వస్తువు మీద చేతిలో పట్టే ఎక్స్ఆర్ఎఫ్ గన్ (ఎక్స్-రే వేసి ఏ మూలకం ఎంతుందో చెప్పేది) ఒక్కచోట పెట్టి, తగరం ఇంత శాతం అని రాసి రిపోర్టు ముగించేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అది చూసేది పైపొరని, అదీ తుప్పుతో మారిపోయిన పొరని. కంచు పోత పోసిందా, కొట్టిందా తెలియాలంటే లోపలి బుడగలు చూడాలి: గుండ్రంగా ఉంటే పోత, నలిగి చదునైతే సుత్తి దెబ్బలు.

ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధిలోని ఇనుప బాకే చూడండి. 2016లో ఎక్స్ఆర్ఎఫ్‌తో నికెల్ దాదాపు 11 శాతం ఉందని, అది ఉల్క ఇనుమని తేల్చారు. ఎలా చేశారన్నది తెలిసింది 2022లో, జపాన్ బృందం అదే పద్ధతితో ఒక్క చుక్క దగ్గర ఆగకుండా బాకంతా నికెల్ మ్యాప్ గీశాక. ఉల్కల్లో ఉండే అడ్డుపట్టీల అల్లిక ఇంకా అలాగే ఉంది! గట్టిగా కాల్చి ఉంటే అది చెరిగిపోయేది, కాబట్టి 950 డిగ్రీల లోపు వేడిలోనే కొట్టారని చెప్పారు.

మీ వస్తువు సీసం కలిసిన కంచయితే మాత్రం మామూలు మెషిన్ చాలదు, సీసం కిరణాల్ని మింగేస్తుంది. కేవీ (కిరణాల బలాన్ని నిర్ణయించే కిలోవోల్టులు) ఎక్కువున్న మెషిన్ ఉన్నచోట అడగండి, రెండు కోణాల్లో తీయమని చెప్పండి.