పంపు సీలు తెంచే ముందు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొదలకూరు నిమ్మకాయల లోడుతో నంద్యాల పోతుంటే గిద్దలూరు దాటాక ఘాట్‌లో నీ టాటా 407 లారీ రెండో గేరుకి పడిపోతోందనీ, వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టి ప్రాణం తీస్తున్నారనీ అన్నావు. డీజిల్ పంపు స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పితే 100 హార్స్‌పవర్ వస్తుందని ఎవరో అన్నారు, తిప్పించనా మామా అని అడిగావు. వద్దని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. అలా చెబితే నాకు తెలియకుండా తిప్పిస్తావు. నీ వయసులో నేనూ అదే పని చేసేవాణ్ని. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

చిన్న ఇంజన్ నుంచి పెద్ద పవర్ తీయొచ్చు. నేనే తీశాను. కాకపోతే దానికొక వరస ఉంది. ముందు ఇంజన్ ఆరోగ్యం, తర్వాత గాలి, ఆ తర్వాత చల్లదనం, ఆఖరున డీజిల్. నీకు సలహా ఇచ్చినవాడు ఆఖరి పని మొదట చేయమంటున్నాడు.

నేను ఆ తప్పు చేసి ఒక ఇంజన్‌ను పోగొట్టాను. రొయ్యల చెరువులు జోరుగా నడుస్తున్న రోజులవి. అల్లూరు వైపు నుంచి ఐసు పెట్టెలు వేసుకుని రాత్రికి రాత్రి మద్రాసు చేరాలి. ఓనరు స్పీడు కావాలన్నాడు. పంపుకి వేసిన సీలు తెంచి, ఒక్కో దెబ్బకి ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ పడాలో చెప్పే ఫుల్ లోడ్ స్క్రూ తిప్పి ఇచ్చాను. మూడు వారాలు డ్రైవరు కనబడ్డ చోటల్లా నన్ను పొగిడాడు. నాలుగో వారం సూళ్లూరుపేట దగ్గర బండి ఆగిపోయింది. హెడ్ దించి చూస్తే మూడో సిలిండరు పిస్టన్ తల కొవ్వొత్తిలా కరిగి కారిపోయి ఉంది. ఘాట్ లేదు, ఎత్తు లేదు, చదును రోడ్డు. గంటల తరబడి యాక్సిలరేటరు తొక్కి ఉంచితే వేడి ఎక్కడికీ పోలేక పిస్టన్‌లోనే కూర్చుంది. సరుకంతా కుళ్లిపోయింది. ఇంజన్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. మీ అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్లింది ఆ ఏడే. మీ అమ్మకు ఈ సంగతి తెలుసు, అడుగు.

ఎందుకు కరిగిందో లెక్కతో చెబుతాను. కాగితం, పెన్ను పెట్టుకుని నువ్వూ వేసి చూడు.

నీ బండిలో ఉన్నది 497 ఇంజన్. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు) అని పేరులోనే ఉంది. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 100. మొత్తం 2956 సీసీ, ఒక్కో సిలిండరుకు 739. మన 35 డిగ్రీల ఎండలో లీటరు గాలి బరువు 1.15 గ్రాములు. టర్బో లేని ఇంజన్ సిలిండరు పూర్తిగా నిండదు. ఫిల్టరు, మానిఫోల్డు, వాల్వులు దాటి వచ్చేసరికి 85 శాతం నిండితే గొప్ప. అంటే ఒక్కో పీల్పుకి 0.72 గ్రాముల గాలి. పొగ లేకుండా మండాలంటే డీజిల్‌కి బరువులో 20 రెట్ల గాలి ఉండాలి. కాబట్టి ఆ గాలికి 36 మిల్లీగ్రాముల డీజిల్ సరిపోతుంది. 2800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర డీజిల్ చిమ్మే నాలుగు నాజిల్స్ కలిసి గంటకు 3,36,000 సార్లు కొడతాయి. గంటకు సుమారు 12 కిలోల డీజిల్. ఒక హార్స్‌పవర్‌కి గంటకు 165 గ్రాములు వేసుకుంటే 73 వస్తుంది. ఈ ఇంజన్ శుభ్రంగా ఊపిరి పీల్చుకుంటూ ఇవ్వగలిగింది అంతే.

ఇప్పుడు 100 కావాలంటే ఒక్కో దెబ్బకి 49 మిల్లీగ్రాములు కొట్టాలి. పంపు టెస్ట్ బెంచి మీద చూస్తే 1000 స్ట్రోకులకి 43, 44 సీసీ ఉన్నది 59కి పెరగాలి. స్క్రూ తిప్పితే డీజిల్ అంత వస్తుంది. గాలి మాత్రం అదే 0.72 గ్రాములు. అంటే 20 రెట్లు ఉండాల్సిన గాలి 15 రెట్లకు దిగింది. గాలిలోని ఆక్సిజన్ చివరి అణువు దాకా వాడుకున్నా 14.5 రెట్లు కావాలి. డీజిల్ ఇంజన్‌లో గాలీ డీజిలూ అంత బాగా ఎప్పుడూ కలవవు. మండనిది నల్ల పొగ, మండీ మండనిది వేడి. ఆ 100 ఎప్పటికీ రాదు. 80, 85 దగ్గర ఆగిపోతుంది, డీజిల్ ఖర్చు మాత్రం 100కి అవుతుంది. పిస్టన్ అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. నా మూడో సిలిండరు కథ ఇదే.

కాబట్టి పవర్ కావాలంటే గాలి కావాలి. ఆల్ఫ్రెడ్ బూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సరుకు పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న ఇంకో చక్రంతో సిలిండర్లలోకి గాలి కుక్కడం. టర్బో అంటే అదే. నీ ఇంజన్‌కి అర కిలో బూస్ట్, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఇంకో సగం, పెట్టామనుకో. గాలి నొక్కుకునేటప్పుడు వేడెక్కుతుంది, 35 డిగ్రీల గాలి 93 డిగ్రీల దాకా పోతుంది. వేడి గాలి పలచన. అందుకే బూస్ట్ 50 శాతం పెట్టినా గాలి బరువు 26 శాతమే పెరుగుతుంది. అదే ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టి 60 డిగ్రీలకు దించావనుకో, 39 శాతం పెరుగుతుంది. 73కి 39 శాతం కలిపి చూడు. నువ్వు అడిగిన 100 అక్కడుంది, 20 రెట్ల గాలితో, పొగ లేకుండా. ఇంటర్‌కూలర్ లేని టర్బో మన నెల్లూరు ఎండలకు సగం పని. డబ్బు తక్కువైతే ఆరు నెలలు ఆగు కానీ అది లేకుండా బిగించొద్దు.

అయితే టర్బో కొని పాత ఇంజన్‌కి తగిలించమని నేను చెప్పడం లేదు. టర్బో కోసం తయారైన ఇంజన్ లోపల వేరుగా ఉంటుంది. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, వేరే పిస్టన్లు, గట్టి హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్, వేరే నాజిల్స్. ఇదే 497ని కంపెనీ టర్బో, ఇంటర్‌కూలర్‌తో కూడా చేసి అమ్మింది. నా సలహా అడిగితే, అలాంటి ఇంజన్ పూర్తిగా ఒకటి మంచిది చూసి, రసీదుతో కొని, ఆర్టీవో అనుమతితో మార్చుకో. ముక్కలు ముక్కలుగా కొని అతికించినదానికన్నా చవగ్గా తేలుతుంది, నమ్మకంగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడం తప్పు. అనుమతి కాగితం లేకుండా రోడ్డెక్కితే రేపు యాక్సిడెంటు జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్లతో చిక్కు వస్తుంది. ఇక 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్ల జోలికి అసలు పోవద్దు. అక్కడ కంప్యూటరు, పొగ ఫిల్టరు, యూరియా అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

ఏ ఇంజన్ ఎంత తట్టుకుంటుందో దాని పుట్టుకలోనే ఉంటుంది. కమిన్స్ నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల ఇంజన్ చూడు. 102 బోరు, 120 స్ట్రోకు. దాని ఆరు సిలిండర్ల అన్న 5.9 లీటర్లదీ అవే కొలతలు. పిస్టన్లు, రాడ్లు పెద్ద ఇంజన్‌కి తగ్గట్టు చేసినవి కాబట్టి చిన్నది గట్టి దెబ్బనైనా తట్టుకుంటుంది. ఇసుజు 4హెచ్‌కే1 కూడా నాలుగు సిలిండర్లే, కానీ 5.2 లీటర్లు. అందుకే 200 దాటి ఇస్తుంది. ఆ అంకెలు విని 3 లీటర్ల ఇంజన్‌ని కొట్టి లేపాలనుకోకు.

ఒకవేళ ఏ పని చేసినా, పంపు మూత తెరవక ముందు ఒక మీటరు కొను. ఎగ్జాస్ట్ టెంపరేచరు చూపించే పైరోమీటర్. దీని సెన్సరు టర్బోకి ముందు, మానిఫోల్డులోనే పెట్టించు. టర్బో దాటాక పెడితే లోడు మీద వంద డిగ్రీల పైనే తక్కువ చూపిస్తుంది, మనం మోసపోతాం. ఎక్కుడు రోడ్డు మీద 650 దాటితే కాలు తీసి గేరు దించాలి. 700 ఎప్పుడూ చూడకూడదు. ఆ రోజు నా దగ్గర ఈ మీటరు ఉండుంటే మూడో సిలిండరు బతికేది. దాని గురించి ఇంతగా చెప్పేది అందుకే.

చల్లదనం సంగతికి వస్తే, మీ ఊరి బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయడం ఈ రోజే మానెయ్. సముద్రం దగ్గర నీళ్లలో ఉప్పు, సున్నం రెండూ ఎక్కువ. బ్లాకు లోపల నీటి దారుల్లో పొర కట్టి, గోడ మీద సున్నం వేసినట్టు అంటుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు పోనివ్వదు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, లోపల హెడ్ మాత్రం ఉడుకుతుంది. బ్లాకు ఒకసారి కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పొయ్యి. ఫ్యాన్ చుట్టూ ఉండే డబ్బా మొన్న చూస్తే సగం విరిగి ఉంది, అది మార్పించు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో 100 హార్స్‌పవర్ ఇంజన్‌కి 75 హార్స్‌పవర్ రేడియేటర్ చాలదు.

ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే గవర్నర్ జోలికి మాత్రం పోవద్దు. 2800 తిరిగేదాన్ని 3500 తిప్పితే పిస్టన్ వేగం సెకనుకు 9.3 మీటర్ల నుంచి 11.7కి పోతుంది, రాడ్డు మీద పిస్టన్ లాగే బలం 56 శాతం పెరుగుతుంది. రాడ్డు బోల్టు తెగితే బ్లాకుకు కిటికీ పడుతుంది. ఇంకో మాట, నాలుగు సిలిండర్లలో క్రాంకు అర చుట్టుకి ఒక దెబ్బ పడుతుంది. ఆరింట్లో చుట్టుకి మూడు దెబ్బలు, అంత కుదుపు ఉండదు. టార్కు పెరిగిన నాలుగు సిలిండర్లని తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరులో గుంజితే క్లచ్ ప్లేటు స్ప్రింగులు, గేరు పళ్లు సమ్మెట దెబ్బలు తింటాయి. పవర్ పెంచాక క్లచ్ కూడా పెద్దది వెయ్యాలి.

ఇంత చెప్పాక అసలు విషయం. నీకు పవర్ తక్కువైందా, లోడు ఎక్కువైందా? బండీ సరుకూ కలిపి 6 టన్నులు, నూటికి ఆరు ఎత్తున్న రోడ్డు, గంటకు 30 కిలోమీటర్లు అనుకుందాం. ఎత్తుకి 360 కిలోల లాగుడు, టైర్ల రాపిడికి ఇంకో 60. ఇంజన్ దగ్గర 55 హార్స్‌పవర్ చాలు. అదే 8 టన్నులు వేసావనుకో, 73 కావాలి. మీ లోడు నేను కళ్లారా చూశాను, నిమ్మకాయల బస్తాలు క్యాబిన్ పైకి కనబడుతున్నాయి. ఆ ఘాట్‌లో నీ ఇంజన్ చేయగలిగిందంతా చేస్తోంది. టైర్లు పెద్ద సైజు వేయించావు కూడా, అది గేరుని మరింత బరువు చేసింది. టైర్లు మళ్లీ పాత సైజుకి మార్చి, ఆర్‌పీఎం ముల్లు పడిపోకముందే గేరు దించి ఎక్కి చూడు. వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పినియన్ పళ్ల రేషియో మార్చితే ఘాట్‌లో వచ్చే లాగుడుకు స్క్రూ ఎన్ని చుట్లు తిప్పినా సరిరాదు. చదును రోడ్డు మీద స్పీడు కొంచెం తగ్గుతుంది, నిమ్మకాయలకేం తొందర.

ఇప్పటికి చేయాల్సింది ఇది. ఏర్ ఫిల్టరు కొత్తది వెయ్యి. ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించు. నాలుగు నాజిల్స్ దించి పంపు షాపులో ప్రెషర్ చూపించు, స్ప్రే సన్నగా పొగమంచులా పడాలి, ధారగా పడితే మార్చు. నాలుగు సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూసే కంప్రెషన్ కొట్టించి అంకెలు కాగితం మీద రాయించు. ఒకదానికి ఇంకోదానికి తేడా ఎక్కువుంటే ముందు ఇంజన్ పని చేసుకోవాలి, పవర్ మాట తర్వాత. పంపు సీలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వకు.

వచ్చే ఆదివారం ఆ కాగితం, పాత నాజిల్స్ తీసుకుని ట్రంకు రోడ్డు షెడ్డుకి రా. లోడు దించేసి ఖాళీ బండితో రా. మీ అమ్మను కూడా తీసుకురా, అత్తయ్య చూడాలంటోంది.

ఇట్లు,
మామయ్య