బ్రిగాంటీలు: 43కీ 71కీ మధ్య ఏం జరిగింది?

క్రీ.శ. 43లోనే రోమన్లు బ్రిటన్‌లో దిగితే, అక్కడి బ్రిగాంటీలనే తెగల కూటమి మీదికి 71లో దండెత్తడమేంటి, తేదీ తప్పా అని ఒకరు అడిగారు. రెండూ సరైనవేనండీ. మధ్యలో నడిచింది సామంత రాజ్యం.

ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా భాగం ఈ తెగల కూటమిదే. రాణి కార్టిమాండువా రోమ్‌తో పొత్తు పెట్టుకుని గద్దె నిలుపుకుంది. 51లో ఆశ్రయం కోరి వచ్చిన కారటాకస్‌ను, అంటే రోమన్లతో పోరాడిన బ్రిటన్ నాయకుణ్ణి, బంధించి రోమన్లకే అప్పగించింది! తర్వాత భర్త వెనూషియస్‌ను వదిలేసి, అతని ఆయుధాలు మోసే వెల్లోకాటస్‌ను చేసుకుంది. ఇదంతా చెప్పింది రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కాబట్టి రాణి మీద కాస్త చురక కలిసే ఉంటుంది లెండి.

అసలు మలుపు 69లో. రోమ్‌లో సింహాసనం కోసం కొట్లాటలు జరుగుతుంటే, అదను చూసి వెనూషియస్ తిరగబడ్డాడు. రోమన్ సహాయక దళాలు రాణిని బయటికి తేగలిగాయి గానీ రాజ్యం అతని చేతికి పోయింది. నమ్మకమైన సామంతురాలు లేకపోయాక, బ్రిటన్‌కి వచ్చిన కొత్త రోమన్ గవర్నర్ పెటిలియస్ కెరియాలిస్ 71లో స్వయంగా దండు నడిపాడు.

మ్యాపులో వెతుకుతుంటే యార్క్ దగ్గర ఆగకండి, అది సైనిక కోటగా పుట్టింది. బ్రిగాంటీల పాలనా పట్టణం ఇసూరియం బ్రిగాంటుమ్, అంటే నేటి ఆల్డ్‌బరో.