తెజుకా గీసిన కుందేలును మా అమ్మమ్మ గుర్తుపట్టింది

జపాన్ బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా 1989లో కన్నుమూసినా, ఆయన బొమ్మల కథలను ఇన్ని దేశాలవాళ్లు ఇప్పటికీ ఎందుకు చదువుతున్నారన్నది ప్రశ్న. నాకు దీనికి జవాబు మా అమ్మమ్మ దగ్గర దొరికింది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో స్నేహితుడి దగ్గర తెజుకా గీసిన 'బుద్ధ' మొదటి సంపుటం ఇంగ్లీషులో అరువు తెచ్చుకున్నాను. సెలవుల్లో ఊరికి వెళ్లి అరుగు మీద చదువుకుంటుంటే అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. కథ మొదట్లోనే ఒక ముసలి సన్యాసి మంచులో కూలిపోతాడు. ఎలుగుబంటి చేపలు తెస్తుంది, నక్క పళ్లు తెస్తుంది. కుందేలుకు ఏమీ దొరకదు. పుల్లలు ఏరుకొస్తుంది, మంట వెలగగానే అందులోకి దూకేస్తుంది. ఆ పుటల్లో పని అంతా బొమ్మలదే. అమ్మమ్మ ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చూసుకుంటూ చివరిదాకా వచ్చి, "ఇది చందమామలో కుందేలు కథే కదరా!" అంది. నిజమే, అది బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన శశ జాతకం. ఇక్కడి నుంచి బౌద్ధంతో పాటు జపాన్ చేరిన కథ, తెజుకా కుంచె పట్టుకుని మా అరుగు మీదకు తిరిగొచ్చింది.

ఆ పుస్తకం మీద నాకు మొదట కోపం కూడా వచ్చింది. సిద్ధార్థుడు మొదటి సంపుటం చివరికి గానీ పుట్టడు. అంతవరకు చాప్రా అనే బానిస పిల్లవాడు, తత్తా అనే అంటరాని పిల్లవాడు. వీళ్లు ఏ బౌద్ధ గ్రంథంలోనూ లేరు. రెండోసారి చదివినప్పుడు గాని అర్థం కాలేదు: బుద్ధుడి మాట ఎవరికి అవసరమో తెజుకా ముందుగా చూపిస్తున్నారు.

1928లో పుట్టిన తెజుకా పదహారేళ్ల వయసులో ఒసాకా మీద బాంబులు కురవడం కళ్లారా చూశారు. తర్వాత వైద్యం చదివారు. ప్రాణం విలువ ఆయనకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. 1952లో మొదలైన 'ఆస్ట్రో బాయ్'నే తీసుకోండి. కొడుకును పోగొట్టుకున్న శాస్త్రవేత్త అచ్చం వాడిలాంటి రోబోను చేస్తాడు, అది పెరగడం లేదని సర్కస్‌కు అమ్మేస్తాడు. చిన్నప్పుడు ఎగిరే రోబో కోసం చదివినవాళ్లు, తామే తల్లిదండ్రులయ్యాక ఆ తండ్రి దగ్గర ఆగిపోతారు. ఒకే కథకు రెండు వయసుల పాఠకులు దొరికితే అది పాతబడడం కష్టం.

ఉద్యోగం మీద ఒసాకా వెళ్లినప్పుడు, తెజుకా పెరిగిన తకరజుకా ఊళ్లో 1994లో ఆయన పేరిట తెరిచిన మ్యూజియం చూశాను. ముంగిట నేల మీద ఆయన పాత్రల చేతి ముద్రలు, పాదముద్రలు ఉన్నాయి. ఒక తాతగారు వాటిలో తన చేయి పెట్టి మనవరాలికి ఒక్కొక్కరి పేరు చెబుతున్నారు. వాళ్ల భాష నాకు రాకపోయినా, పేర్లన్నీ తెలుస్తున్నాయి.

కొత్తగా చదవాలనుకుంటే 'బ్లాక్ జాక్'తో మొదలుపెట్టండి. లైసెన్సు లేని శస్త్రవైద్యుడి కథలు, దేనికది విడిగా చదువుకోవచ్చు. 'బుద్ధ' మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు తెరవండి.