చీకటిని కాపాడతానంటే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లడఖ్‌లోని హాన్లే వీడియోలు చూసినప్పటి నుంచి రాత్రి ఆకాశాన్ని కాపాడే పనే చేస్తానంటోంది. మా వీధి లైటు ఆకాశంలోకి కొడుతోందని వార్డు సచివాలయంలో అర్జీ కూడా పెట్టి పరువు తీసింది. ఆన్‌లైన్‌లో ఆస్ట్రో టూరిజం (పర్యాటకులకు ఆకాశం చూపించే పని) డిప్లొమా చేస్తానంటోంది. నేను సీఎస్ఈ అంటున్నాను. బీఎస్సీ ఫిజిక్స్ మేలా, బీటెక్ మేలా? ఆడపిల్ల రాత్రుళ్లు కొండల మీద ఉద్యోగమంటే భయంగా ఉంది.
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీ టెన్షన్ అంతా ఆఖరి వాక్యంలోనే ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను శాస్త్రవేత్తలు బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని ఉపగ్రహ లింకుతో నడుపుతారు. ఇక వెలుతురు కాలుష్యాన్ని, అంటే దీపాల వెలుతురు ఆకాశాన్ని కమ్మేయడాన్ని, తగ్గించే పని చాలావరకు పట్టపగలు, ఆఫీసుల్లో, ప్లాన్ల మీద జరిగేదే. రాత్రి కొలతలు తీయాల్సి వచ్చినా ఒంటరిగా వెళ్లరు. మీ అమ్మాయి గురించి అంత బెంగ అక్కర్లేదు.

నా అనుమానమల్లా ఆ డిప్లొమా మీదే. హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. అక్కడ పర్యాటకులకు నక్షత్రాలు చూపిస్తున్నది ఎవరనుకున్నారు? శిక్షణ, టెలిస్కోపులు అందుకున్న ఆ ఊళ్లవాళ్లే. ఆ బతుకుతెరువు వాళ్లదే, అలాగే ఉండాలి కూడా. ఏలూరు నుంచి సర్టిఫికెట్ పట్టుకెళ్తే అక్కడ ఏం పని దొరుకుతుంది? మన దగ్గరే చూపిద్దామంటే వానాకాలమంతా మబ్బులు, పున్నమి రోజుల్లో వెన్నెల. శనిగ్రహం వలయాలు చూపించడం ఏ ఆస్ట్రానమీ క్లబ్‌లోనైనా నేర్పుతారు, దానికి ఫీజు కట్టక్కర్లేదు. చూపించడం వేరు, కాపాడటం వేరు.

కాపాడాలంటే దీపం సంగతి తెలియాలి. మీ వీధి లైటు కిందే నిలబడి చూడండి. గ్లాసు వంపు తిరిగి పక్కలకు ఉబ్బి ఉంటే కొంత వెలుతురు రోడ్డు మీద పడకుండా పైకీ, ఎదురింటి కిటికీలోకీ పోతుంది. పైన కప్పుండి, అడుగు చదునుగా ఉన్న లైటయితే వెలుతురు కిందికే పడుతుంది. నీలం రంగు వాటా ఎక్కువున్న తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురు గాలిలో ఎక్కువ చెదిరి ఆకాశాన్ని పాడుచేస్తుంది, పసుపు ఛాయది తక్కువ. హైదరాబాద్ దగ్గర ఉస్మానియా వర్సిటీ వారి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి నగర దీపాలే పెద్ద ఇబ్బంది అయ్యాయి. మన తీరంలో గుడ్డు పగిలి బయటికొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు సముద్రమనుకుని రోడ్డు దీపాల వైపు నడుస్తాయి. ఇవి సరిచేయడానికి ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, పట్టణ ప్రణాళిక, పర్యావరణం చదివినవాళ్లు కావాలి. డార్క్ స్కై ఆఫీసర్ అని మన దగ్గర నోటిఫికేషన్ పడదు. ఆ మాట అమ్మాయికి కూడా చెప్పండి.

ఒక మాట కటువుగానే అంటాను. లైటు ఎటు కొడుతోందో గమనించి, రాసి, ఆఫీసుకెళ్లి ఇచ్చి వచ్చిన పిల్ల పరువు తీసిందంటారా? ఈ రంగంలో పనంటే అదేనండీ! సీఎస్ఈలో చేరిన పక్కింటి అబ్బాయిని చూసి మీరు భయపడుతున్నారు గానీ, మీ అమ్మాయిని చూసి కాదు.

ఇక పోలిక అడిగారు కదా. దీపాలు మార్చే పని ఇష్టమైతే ఈఈఈ. అడిగేవాళ్లు తక్కువైన బ్రాంచే, అయినా ఈ పనికి అదే దగ్గర. నక్షత్రాలే కావాలంటే ఫిజిక్స్, అయితే బీఎస్సీతో ఆగితే లాభం లేదు, పీహెచ్‌డీ దాకా ఓపిక ఉండాలి. తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ఏది ఇష్టమో తననే అడగండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల వరుస తననే పెట్టనివ్వండి. పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకుని రాత్రికి రాత్రి మార్చేయకండి.