డాబా మీద డెక్‌కు టేకు వద్దు బిడ్డా

చి.ల.సౌ. స్వప్నకు పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, రెండు కొటేషన్లు చూశాను. భీమారంలో కడుతున్న ఇంటికి మొదటి అంతస్తు డాబా మీద డెక్, అంటే పలకలు పరిచిన నేల, వేయాలని మీ ఆలోచన. అల్లుడు టేకు అంటున్నాడు, నువ్వు ప్లాస్టిక్, రంపపు పొట్టు కలిపి చేసే కాంపోజిట్ పలక అంటున్నావు. పెద్దబాపు జీవితమంతా సామిల్లులో కట్టె కోసి బతికాడు కాబట్టి తన పక్కే మాట్లాడతాడని అల్లుడి ధీమా. ఈ విషయంలో నేను నీ పక్కే. కాకపోతే నువ్వు అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్న సరుకు మాత్రం నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను, ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు టేకు సంగతి. ఊళ్లో మన ఇంటి దర్వాజ ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదని అల్లుడు అంటాడు. నిజమే. కానీ ఆ దర్వాజ నిలువుగా ఉంది, పైన సజ్జ ఉంది, వాన జల్లు కొట్టినా జారిపోతుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు గడప దగ్గర వంగి చూడమను. నిలువు చెక్క నేలకు ఆనిన చోట జానెడు మేర నల్లబడి ఉంటుంది. గోరుతో నొక్కితే పొడి రాలుతుంది. అదీ టేకే. నీళ్లు నిలిచే చోట టేకుకైనా తిప్పలు తప్పవు. డెక్ అంటే పలకలన్నీ ఆకాశం కింద పడుకోబెట్టడమే. ప్రతి పలక మీద వాన నిలుస్తుంది, ప్రతి స్క్రూ చుట్టూ తడి చేరుతుంది.

ఇంకోటి, టేకు బలమంతా చేవలో, అంటే దుంగ నడుమ ఉండే ముదురు రంగు గట్టి కట్టెలో ఉంది. చెదలు ముట్టనిది ఆ చేవనే. చుట్టూ ఉండే తెల్లటి భాగాన్ని హాయిగా తింటాయి. వెనకట ఏటూరునాగారం, మంచిర్యాల అడవుల నుంచి డిపోలకు వచ్చిన లావు దుంగల్లో వెడల్పు పలక కోసినా రెండు అంచులూ చేవే ఉండేవి. ఇప్పుడు దొరికే దాంట్లో చాలా మటుకు పొలం గట్ల మీద, తోటల్లో పెంచి లేతగా ఉన్నప్పుడే కొట్టిన చెట్లు. ఆరు ఇంచుల పలక తీస్తే ఒక పక్క తెలుపు రాక తప్పదు. దాని మీద రంగు పాలిష్ పడితే మీకు తేడా తెలియదు. అసలైన చేవ పలకలే కావాలంటే దొరుకుతాయి, కానీ ఆ ధర విన్నాక అల్లుడే వద్దంటాడు.

వాతావరణం సంగతి మీకు తెలిసిందే. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండ, రామగుండం వైపు ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జూన్ దాటగానే ముసురు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది గుర్తుందా? అప్పుడు హనుమకొండలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఇట్లాంటి ఎండకూ వానకూ కట్టె ముడుచుకుంటూ, ఉబ్బుతూ ఉంటుంది. పలక అంచులు పైకి లేస్తాయి, పగుళ్లు వస్తాయి, చిన్నపిల్లల కాళ్లకు పేళ్లు గుచ్చుకుంటాయి. ఏటా ఉప్పు కాగితంతో రుద్ది నూనె పట్టిస్తే కొంత ఆగుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో అది మొదటి ఏడాది జరుగుతుంది, రెండో ఏడాది వాయిదా పడుతుంది.

అల్లుడు డాలస్‌లో చూసిన కట్టె డెక్‌ల మాట కూడా చెప్పాలి. అక్కడ ఇళ్లకు ఎక్కువగా వేసేది చెదలు, పుచ్చు పట్టకుండా మందు పట్టించిన పైన్ కట్టె. 2003 చివరి దాకా ఆ మందులో ఆర్సెనిక్ అనే విషం ఉండేది, ఇళ్ల కోసం దాన్ని ఆపేసి రాగి మందులకు మారారు. ఆ పైన్‌కు పోటీగా 1990లలో అక్కడ కాంపోజిట్ పలకలు మార్కెట్‌లోకి వచ్చాయి. వాడి పారేసిన ప్లాస్టిక్‌నూ రంపపు పొట్టునూ కలిపి, వేడి చేసి, అచ్చులోంచి పలకలుగా తీయడమే ఆ పని. మేమేమో సామిల్లులో ఆ పొట్టును ఎవరు మోసుకుపోతారా అని ఎదురుచూసేవాళ్లం!

పొట్టు ఉంది కాబట్టి కాంపోజిట్‌ కూడా ఎంతో కొంత కట్టెనే, అది మరిచిపోవద్దు. పైన తొడుగు లేని పాత రకం పలక నీళ్లు పీల్చుకుంటుంది, నీడన ఆకులు పేరుకున్న చోట నల్ల బూజు పడుతుంది, మొదటి వేసవికే రంగు దిగుతుంది. అందుకే ఇప్పుడు పలక చుట్టూ ప్లాస్టిక్ తొడుగు వేసి తీస్తున్నారు. క్యాప్డ్ అనో, కో-ఎక్స్‌ట్రూడెడ్ అనో అడిగితే అదే చూపిస్తారు. నాలుగు వైపులా తొడుగు ఉన్నదే తీసుకో. కొన్నిటికి అడుగున ఉండదు, తడి అంతా అడుగు నుంచే వస్తుంది మరి. మధ్యలో బొక్కలుండే పలక చవక, కానీ చివర్లు సరిగా మూయకపోతే చీమలు కాపురం పెడతాయి. నిండు పలకే మేలు.

ఇప్పుడు నీ కొటేషన్లు. మొదటి దాంట్లో రాసిన 18 ఎంఎం డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్) బోర్డు అసలు డెక్ పలకే కాదు. కిచెన్ అల్మారాలకు, బాత్రూమ్ తలుపులకు వాడే పీవీసీ ఫోమ్ బోర్డు అది. మన బజార్లో రెండిటినీ డబ్ల్యూపీసీ అనే అమ్ముతారు, దుకాణం అబ్బాయికే తేడా తెలియకపోవచ్చు. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని బకెట్ నీళ్లలో వెయ్యి. ఫోమ్ బోర్డు తేలుతుంది, డెక్‌కు పనికొచ్చే నిండు పలక ముక్క మునుగుతుంది. మునిగిన ముక్కను వారం రోజులు అట్లనే ఉంచి, వేసేముందు ఒకసారి, తీసి తుడిచాక ఒకసారి కిరాణా కొట్టు త్రాసులో తూకం వేయించు. బరువు బాగా పెరిగినా, కోసిన అంచు ఉబ్బినా ఆ కంపెనీ వద్దు.

రెండో కొటేషన్ పలక మంచిదే, కానీ రంగు చార్‌కోల్ ఎంచుకున్నావు. ఫోటోలో బాగుంటుంది. కాంపోజిట్‌కు పెద్ద లోపం వేడి. ముదురు రంగు అయితే మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేవు. లేత రంగుది కూడా కాలుతుంది, కాకపోతే కొంచెం తక్కువ. లేత బూడిద రంగుదీ, చార్‌కోల్‌దీ చెరో ముక్క మీ డాబా మీద పెట్టి, ఎండ ముదిరాక ఉత్త కాళ్లతో నిలబడి చూడు. ఆ తర్వాత రంగు గురించి నాతో వాదించు.

మరకల సంగతి కూడా విను. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు రంగులు అద్దేది ఎట్లాగూ డాబా మీదే. కింద పాత చాప పరుచుకోండి. తొడుగు ఉన్న పలక మీద పడ్డ రంగు, ఆవకాయ నూనె వెంటనే సబ్బు నీళ్లతో కడిగితే పోతాయి. దీపావళి మాత్రం ప్రమాదం. చిచ్చుబుడ్డి, మతాబు, బొగ్గుల కుంపటి, ఏది పెట్టినా పలక కరిగి మచ్చ పడుతుంది. కట్టెనైతే గీకి పాలిష్ పెట్టొచ్చు, దీన్ని గీకితే తొడుగు పోతుంది. నాలుగు పలకలు అదనంగా కొని దాచుకో, తర్వాత ఆ రంగు మళ్లీ దొరకదు.

డెక్ బాగుండేదీ పాడయ్యేదీ చాలా వరకు కింద వేసే ఫ్రేమ్ దగ్గరే. స్లాబ్‌కు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది గది సీలింగ్ చూడండి. చెమ్మ కనిపిస్తే డెక్ మాట పక్కన పెట్టాల్సిందే, తర్వాత లీకు వస్తే మొత్తం ఊడదీయాలి. ఫ్రేమ్‌ను స్లాబ్‌కు డ్రిల్ కొట్టి బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. అంత ఖర్చు పెట్టి వేయించిన వాటర్‌ప్రూఫింగ్‌కు మీరే బొక్కలు పెట్టుకున్నట్టు. రబ్బరు ప్యాడ్ల మీద ఫ్రేమ్ కూర్చోబెట్టి, పైపులన్నీ ఒకదానికొకటి కలిపి బిగిస్తే కదలదు. జీఐ పైపే, అంటే జింక్ పూత ఉన్న ఇనుప పైపే వాడమను. వెల్డింగ్ పెట్టిన చోట పైపూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింక్ పెయింట్ వేశాడా లేదా నువ్వే చూసుకో.

పైపుల మధ్య దూరం అడుగుకు మించొద్దు. వెల్డింగ్ అతను రెండడుగులు చాలంటాడు, అతనికి పైపులు మిగులుతాయి. కాంపోజిట్ పలక ఎండకు మెత్తబడి, పైపుల మధ్య నెమ్మదిగా కుంగుతుంది. కంపెనీ కాగితంలో దూరం రాసి ఉంటుంది, దాన్ని అతని చేతిలో పెట్టు. పొడుగులో కూడా ఈ పలక ఎండకు సాగుతుంది. మూడు మీటర్ల పలక చలికాలం పొద్దుటికీ వేసవి మధ్యాహ్నానికీ అయిదారు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. చివర్లు ఆనించి బిగిస్తే మేలో విల్లులా లేస్తుంది. చివరకూ చివరకూ మధ్య, పిట్టగోడ దగ్గర సందు వదలాలి. పని డిసెంబర్‌లో జరిగితే సందు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. క్లిప్పులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలి. తూము మీద వచ్చే పలకను ఊడదీసి పెట్టేలా చేయించు. ఆకులు పడి తూము మూసుకుంటుంది, జెర్రులు చేరతాయి, చెయ్యి పెట్టి తీసే దారి ఉండాలి.

ఇక రేటు. చదరపు అడుగుకు ఇంత అని రాసింది పలక ఒక్కదానికే. ఫ్రేమ్, క్లిప్పులు, అంచు పట్టీలు, కూలీ, రవాణా, జీఎస్టీ అన్నీ కలిపి రాసిమ్మను. వారంటీ కాగితంలో రంగు దిగడం, బూజు వేర్వేరుగా రాసి ఉన్నాయో లేదో, వాళ్ల పద్ధతిలో బిగించకపోతే వారంటీ పోతుందనే షరతు ఉందో చూడు. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తానన్న వాడి దగ్గర వారంటీ ఉత్త కాగితం.

అల్లుడు టేకు మీద మనసు చంపుకోలేకపోతే, సజ్జ కింద ఉయ్యాల బల్ల టేకుతో చేయించుకుందాం. అక్కడ వాన పడదు. మా గోడౌన్లో పాత చేవ పలక ఒకటి ఉంది, మన వడ్లాయనతో చిత్రిక పట్టించి ఇస్తాను.

స్లాబ్ మీద నీళ్లు నిలబెట్టే రోజు ముందే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు. మీ బాపుకు మోకాళ్ల నొప్పి ఎట్లుందో రాయి.

ఇట్లు,
మీ పెద్దబాపు