ట్రిబుల్స్ కథలోకి మళ్ళీ వెళ్ళే ముందు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అమెరికన్ అంతరిక్ష ధారావాహిక స్టార్ ట్రెక్‌లోని ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ఎపిసోడ్ మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ కనిపించింది. దూరదర్శన్‌లో ఆ ధారావాహికను చూసి పెరిగిన తరం నాది. అందుకే ఆ ఇష్టం నాకు కొత్త కాదు. కానీ వ్యాసం పూర్తయ్యేసరికి నీ గురించి చాలా తెలిసింది, ఎపిసోడ్ గురించి దాదాపు ఏమీ తెలియలేదు. వయసు మళ్ళిన నటులు అభిమానుల సభలో వేదికెక్కితే జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారని రాశావు. నిజమే, కొడతారు. వాళ్ళు ఎందుకు లేచి నిలబడతారో చెప్పడం మాత్రం మిగిలిపోయింది. రచయితగా నీ అసలు పని అది.

ముందు ఆ కథ రాసినవాడి దగ్గర మొదలుపెట్టు. అది 1967 డిసెంబర్ 29న ప్రసారమైనప్పుడు డేవిడ్ జెరాల్డ్ వయసు 23 ఏళ్ళు, ఇంచుమించు నీ వయసే. 1966 సెప్టెంబర్‌లో ధారావాహిక మొదలవగానే, కాలేజీలో చదువుకుంటూనే ఒక కథ రాసి పంపాడు. తిప్పి పంపారు. ఆగకుండా ఇంకొన్ని కథల ఆలోచనలు పంపాడు. వాటిలో ఒకటి నిర్మాత జీన్ కూన్‌కి నచ్చింది. అంటే ఈ ఎపిసోడ్ పుట్టుకే ఒక అభిమాని చేతుల మీదుగా జరిగింది. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అభిమానులనీ సృష్టికర్తలనీ రెండు వేర్వేరు జాతులుగా విడదీసి రాశావు. ఈ కథ విషయంలో ఆ విభజన నిలబడదు.

చూడనివాళ్ళకు కథ చెప్పడానికి నువ్వు పేజీన్నర తీసుకున్నావు. నాలుగు వాక్యాలు చాలు. కే-7 అనే అంతరిక్ష కేంద్రంలో ఒక గ్రహానికి పంపాల్సిన ధాన్యం ఉంది, దానికి కాపలా కాసే బాధ్యత ఎంటర్‌ప్రైజ్ నౌక కెప్టెన్ కర్క్ మీద పడింది. ఊరూరా తిరిగే ఒక వ్యాపారి ఇచ్చిన ట్రిబుల్ అనే బొచ్చు జీవిని నౌక అధికారిణి ఉహురా నౌకలోకి తీసుకొచ్చింది. అది ముద్దుగా కూనిరాగం తీస్తుంది, తింటుంది, పిల్లల్ని పెడుతుంది. చివరికి ధాన్యంలో విషం కలిపిన గూఢచారిని, శత్రుజాతి క్లింగాన్లవాణ్ణి, పట్టించేది కూడా అదే.

ఆ మిగిలిన పేజీని ఒక లెక్కకు ఇవ్వు. ట్రిబుల్స్ ఎన్ని ఉంటాయని అడిగితే కర్క్ సహాధికారి స్పాక్ 17,71,561 అంటాడు. ఒక్క ట్రిబుల్‌తో మొదలై, ఈతకు పది పిల్లల చొప్పున, పన్నెండు గంటలకో ఈత, మూడు రోజులు. కాగితం తీసుకుని నువ్వే వేసి చూడు. పదకొండుని ఆరుసార్లు వేసి గుణిస్తే సరిగ్గా ఆ అంకె వస్తుంది. హాస్య కథ కదా, నోటికొచ్చిన పెద్ద సంఖ్య ఏదో అనిపించినా సరిపోయేది. జెరాల్డ్ అలా వదిలేయలేదు. చూసేవాడు లెక్క వేసి చూస్తాడని నమ్మాడు. మూడు దశాబ్దాల తర్వాత కూడా ఆ ఎపిసోడ్‌లోకి మనుషులు తిరిగి వెళ్ళగలిగారంటే, దాని లోపల ఇలాంటి గట్టి నేల ఉండడం వల్లే.

ఇంకో చోటు, బార్‌లో గొడవ. క్లింగాన్ ఒకడు కర్క్‌ని నానా మాటలు అంటాడు. ఇంజనీర్ స్కాటీ కదలడు, పైగా కొట్టబోయిన తోటి అధికారి చెకోవ్‌ని పట్టుకుని ఆపుతాడు. తర్వాత ఎంటర్‌ప్రైజ్ నౌకని చెత్త అన్నారో లేదో, మొదటి దెబ్బ స్కాటీదే. తనని తిట్టినందుకే కొట్టుకున్నారేమోనని కర్క్ ఆశగా అడుగుతాడు. కాదని తెలిసినప్పుడు అతని మొహంలో కనబడే చిన్నబోవడం చూడు. శిక్షగా గదిలోంచి కదలవద్దంటే, సాంకేతిక పత్రికలు చదువుకోవచ్చని స్కాటీ సంబరపడతాడు. ఇద్దరు మనుషుల స్వభావం పూర్తిగా బయటపడింది, ఒక్క వర్ణన లేకుండా. ‘అద్భుతమైన పాత్రచిత్రణ’ అన్న నీ మాట కొట్టేసి ఈ సంఘటన రాయి.

ఇప్పుడు 1996కి వద్దాం. స్టార్ ట్రెక్‌కి ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా ‘డీప్ స్పేస్ నైన్’ అనే తర్వాతి స్టార్ ట్రెక్ ధారావాహిక బృందం ‘ట్రయల్స్ అండ్ ట్రిబ్లేషన్స్’ అనే ఎపిసోడ్ తీసింది. రోనాల్డ్ మూర్, రెనే ఎచెవారియా దానికి స్క్రిప్టు రాశారు. అందులో ఆ ధారావాహిక పాత్రలు కాలంలో వెనక్కి, పాత కథలోకి వెళ్తాయి. కొత్త నటుల్ని 1967 నాటి ఫిల్ములోనే పాత నటుల పక్కన నిలబెట్టారు. నౌక సెట్లు మళ్ళీ కట్టారు, నౌక నమూనాని గ్రెగ్ జైన్ కొత్తగా తయారుచేశాడు, దర్శకుడు జొనాథన్ వెస్ట్ స్వతహాగా ఛాయాగ్రాహకుడు కాబట్టి పాత వెలుగునీడలతో కొత్త దృశ్యాలు కలిసిపోయేలా తీశాడు. నీ వ్యాసంలో సగం ఈ సాంకేతిక విద్య గురించే ఉంది. తగ్గించు. నన్ను ఇన్నేళ్ళుగా పట్టుకుని ఉన్నది ఆ రచయితల చూపు.

పాత ఎపిసోడ్‌లో కర్క్ నెత్తి మీదున్న ధాన్యం గది తలుపు తెరిస్తే ట్రిబుల్స్ జలపాతంలా మీద పడతాయి. అంతటితో అయిపోదు. అతను నడుం లోతు గుట్టలో నిలబడి మాట్లాడుతూ ఉంటే పైనుంచి ఒక్కొక్కటే ఇంకా పడుతూనే ఉంటాయి, కొన్ని నెత్తి మీద. చిత్రీకరణలో వాటిని పైనుంచి విసిరింది పనివాళ్ళు. ప్రేక్షకులు నవ్వుకుని ఊరుకున్నారు. 1996 నాటి రచయితలు మాత్రం ఆగి, అవి ఇంకా ఎందుకు పడుతున్నాయని అడిగారు. వాళ్ళ జవాబు: ఆ గదిలో కొత్త ధారావాహిక కెప్టెన్ సిస్కో, అతని సహచరి డాక్స్ కూర్చుని ఉన్నారు. ఒక ట్రిబుల్‌లో బాంబు దాగి ఉంది. ఒక్కో ట్రిబుల్‌నీ పరీక్షించి, కానిదాన్ని కిందికి విసిరేస్తున్నారు, అది కర్క్ తల మీద పడుతోంది. పాత దృశ్యంలో ఒక్క ఫ్రేము మార్చలేదు. అయినా ఆ దృశ్యం ఇక ఎప్పటికీ పాతగా కనిపించదు. ఇలాంటి ఖాళీ ఒక్కటి నీ అంతట నువ్వు కనిపెట్టు తమ్ముడూ, నీ వ్యాసం నిలబడిపోతుంది.

ఆ బాంబు పెట్టిందెవరన్నది ఇంకా లోతైన సంగతి. ఆర్న్ డార్విన్, 1967లో ట్రిబుల్ చేతిలో బయటపడిపోయిన గూఢచారి. జీవితమంతా ఆ అవమానంతో బతికి, ముసలితనంలో కాలంలో వెనక్కి వెళ్ళి, కర్క్‌ని చంపి చరిత్ర దిద్దుకోవాలనుకుంటాడు. ఆ పాత్ర వేసింది అప్పటి నటుడు చార్లీ బ్రిల్లే, దాదాపు ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత. గతాన్ని తనకు నచ్చినట్టు మార్చడానికి వచ్చినవాడు విలన్. అది చెడిపోకుండా చూడడానికి వచ్చినవాళ్ళు ఎవరి కంటా పడకుండా మూలల్లో పనిచేసుకుపోయారు. మనకిష్టమైన రచనలోకి తిరిగి వెళ్ళేవాళ్ళ గురించి ఇంతకంటే సూటిగా ఎవరైనా చెప్పారని నేననుకోను. నీ చిత్తుప్రతిలో చివర చెకోవ్‌కీ ఉహురాకీ నువ్వు కల్పించిన ప్రేమ సన్నివేశం ఉంది చూశావా, అది డార్విన్ పని. తీసెయ్యి.

కొత్తవాళ్ళు అక్కడ ఎలా ప్రవర్తించారో కూడా గమనించు. గొడవ తర్వాత కర్క్ అందరినీ వరసలో నిలబెట్టి ఎవరు మొదలుపెట్టారని నిలదీస్తాడు. ఆ వరసలో సిస్కో బృందంలోని ఓబ్రయన్ కూడా ఉన్నాడు. తెలియదని చెప్పి బయటపడ్డాక, కెప్టెన్ కర్క్‌కే అబద్ధం చెప్పానని పొంగిపోతాడు, పక్కన భార్య లేదే చూడడానికి అనుకుంటాడు. సిస్కోకైతే కర్క్‌ని అడగాలనుకున్న ప్రశ్నలు చాలా ఉన్నాయి. తీరా ఎదురుపడినప్పుడు ఒక విధుల జాబితా చేతికిచ్చి సంతకం పెట్టించుకుని వచ్చేస్తాడు. ఆ షాట్ కోసం వాడుకున్న పాత ఫిల్ము ట్రిబుల్స్ ఎపిసోడ్‌ది కాదు, 1967 అక్టోబర్‌లోనే వచ్చిన మరో ఎపిసోడ్ ‘మిర్రర్, మిర్రర్’లోది. అభిమానుల సభలో వరసలో నిలబడి ఫొటో మీద సంతకం తీసుకునేవాళ్ళందరూ నాకు ఆ సిస్కోలో కనిపిస్తారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో మొదటి పెద్ద సభ జరిగినప్పటి నుంచీ వాళ్ళు చేస్తున్నది అదే. నువ్వు రాసిన చప్పట్ల పేరా ఈ సన్నివేశం పక్కన పెడితే దానికి ప్రాణం వస్తుంది.

మరో మాట. అరవైల నాటి క్లింగాన్లకు నుదుటి మీద గట్లు లేవు. 1979 సినిమా నుంచే వచ్చాయి. 1996 ఎపిసోడ్‌లో తోటివాళ్ళు ఇదేమిటని సిస్కో బృందంలోని క్లింగాన్ వర్ఫ్‌ని అడిగితే, బయటివాళ్ళతో ఆ సంగతి మాట్లాడబోమని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. 2005లో మరో స్టార్ ట్రెక్ ధారావాహిక దీనికి రెండు ఎపిసోడ్ల నిడివిలో కారణం చెప్పింది. వర్ఫ్ జవాబే గొప్పదని నా అభిప్రాయం. నీ వ్యాసంలో దీని మీదున్న రెండు పేజీల విశ్లేషణ ఎవరికీ అక్కరలేదు.

నటుల గురించి రాసేటప్పుడు తెర మీద లేనివాళ్ళనీ తలుచుకో. ఎంటర్‌ప్రైజ్ సిబ్బందిలో సులూ వేషం వేసిన జార్జ్ టకేయ్ ఆ రోజుల్లో ఒక యుద్ధ సినిమా చిత్రీకరణకి వెళ్ళడంతో, అతనికోసం రాసిన మాటలు చెకోవ్‌కి వెళ్ళాయి. చెకోవ్ వేషం వేసిన వాల్టర్ కోనిగ్‌ని ఈ రోజుకీ ఈ ఎపిసోడ్‌తో గుర్తుపెట్టుకుంటున్నారంటే, అందులో ఒక భాగం టకేయ్ లేకపోవడానిదే. అభిమానుల సభల్లో ఒక నటుడికి దక్కే ఆనందం వెనక మరొకరి ఖాళీ కుర్చీ ఉండొచ్చు. దాన్ని జాలిగా రాయకు, జరిగినట్టు రాయి.

జెరాల్డ్ కూడా 1996 ఎపిసోడ్‌లో ఉన్నాడు. నౌక నడవలో కనిపించే సిబ్బందిలో ఒకడిగా, 52 ఏళ్ళ వయసులో, మాటలేమీ లేకుండా. నీ వ్యాసానికి ఇదే మొదలు కావాలని నా కోరిక. 23 ఏళ్ళ వయసులో తాను రాసిన కథలోకి తానే వచ్చి నిలబడిన మనిషిని చూపించి, అక్కడినుంచి వెనక్కి వెళ్ళు.

నిన్ను నువ్వు చెప్పుకున్న పేరాలు మూడింటిలో రెండు తీసెయ్యి. మీ నాన్నగారు స్పాక్ లెక్కని పలక మీద వేసి చూపించారన్నది మాత్రం ఉంచు, దాన్ని 17,71,561 పక్కనే పెట్టు. రెండు ఎపిసోడ్లూ పక్కపక్కన పెట్టుకుని, ముందు మాటలు వింటూ, తర్వాత శబ్దం ఆపేసి చూడు. తిరగరాసిన ప్రతి సంక్రాంతి లోపు పంపితే, పండక్కి ఊరెళ్ళే ముందే చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య